చెంచాడు నీళ్లు

గిరింపేటలో మా మిద్దె మీద రేకుల గది.
గదిలో రైసు కుక్కరంత మిషను,
పక్కన బక్కెట్లో నీళ్లు,
నీళ్లలో చేపపిల్ల మాదిరి మోటారు, రెండు సన్న పైపులు.
స్విచ్చి వేస్తే
కుట్టుమిషను కడుపులో సుత్తి పడినట్టు సద్దు.

పక్కింటి సెల్వమ్మ పిట్టగోడ మీంచి
"ఏం దొరసామీ, ఇంట్లోనే బోరేస్తా ఉండావా?" అంటుంది.
నవ్వొస్తుంది.
కొంచెం మండుతుంది కూడా.

ఇరవై రెండేళ్లు బోరు లారీ మీద బతికినోణ్ణి.
పుంగనూరు, చౌడేపల్లి, సోమల,
నేను బొక్క పెట్టని చేను తక్కువ.
లారీ మీది కంప్రెసరు ఏనుగంత.
దాని గాలి ఇరవై బార్లు,
దానికే నల్లరాయి గోధుమపిండి అయ్యేది.
ఇదేమో మూడు వందలు.
ముల్లు అంత దూరం పోతాంటే
నేను తలుపు బయట నిలబడి చూస్తా.
ఏనుగు చెయ్యలేని పని
ఎలక చేస్తాంటే భయం ఉండదా?

చేతిపంపు కొట్టినాను మొదట్లో.
ఒక్క నింపుడుకి భుజం దిగిపోయేది,
చిన్నదేమో అరవై గుండ్లు కాల్చి
"మళ్లీ నాన్నా" అనేది.
సిలిండరు సంచిలో పెట్టుకొని వేలూరు పోతే
కండక్టరు ముట్టుకోలేదు,
"ఆ బాంబు దించు పెద్దాయనా" అన్నాడు.
కాట్పాడి రోడ్డులో ఎండలో నిలబడినాము,
బాంబూ నేనూ.

వాళ్లమ్మ చీటీ పాడి ఇది కొనింది.
బంగారం కొననందుకు
మా వదిన ఇప్పటికీ మాట్లాడదు.

లోహిత చెప్పిన లెక్క ఇది:
అయిదు నిమిషాలకొకసారి కింది మర తిప్పాల.
తుస్సుమని గాలి ఉమ్ముతుంది,
గాలితో పాటు నీళ్లు.
"నీళ్లు యాడివే? బక్కెట్టు కారుతా ఉందా?"
"గాలిలోవి నాన్నా. నలిపితే బయటికొస్తాయి.
లోపలికి పోతే గన్ను తుప్పు పడుతుంది, పారబొయ్యి."

చేయి పట్టినాను.
చెంచాడు.
నూనె వాసన, వెచ్చగా.

సోమలలో గిరెప్ప
తొమ్మిది వందల అడుగుల కాడ నా చేయి పట్టుకున్నాడు.
"ఇంకొక్క రాడ్డు దించన్నా."
దించినాను.
దుమ్ము.
ఇంకొకటి.
తెల్లటి దుమ్ము, ఆయన మీసం మీద,
మా సద్దికూడు మీద,
మూరెడు లేచి వాడిపోయిన సెనగచెట్ల మీద.
తెల్లారి దుడ్లు లెక్కబెట్టుకొని వచ్చేసినాము.
నీళ్లు పడినా పడకపోయినా అడుగు అడుగే,
అదీ మా లెక్క.

ఆ రాత్రంతా మేము కొట్టిన గాలిలో
ఎన్ని చెంచాలు ఉండినాయో.

మర బిగించినాను.
ముల్లు మూడు వందల కాడ నిలబడింది.
మిషను ఆపితే సెల్వమ్మ ఇంట్లో టీవీ వినబడింది,
అంతకుముందు అదీ లేదు.

కింద పొడుగాటి నడవలో
పది మీటర్లకి సున్నం గీత గీసుకొనింది చిన్నది.
ఆ చివర కాగితం, కాగితం వెనక ఇనపపెట్టె.
గీత కాడ తను.
ఊపిరి సగం విడిచి, సగం పట్టుకొని.
ఆ సగం ఊపిరి చూస్తాంటే
నాకు నాది మరిచిపోతుంది.

టప్.

అంతే. ఇంత మిషనుకీ, ఇంత సద్దుకీ,
వదిన అలకకీ కలిపి
ఒక్క టప్.

కాగితం తెచ్చి చూపించింది.
కందిగింజ దూరేంత బొక్క, అంచులు నున్నగా.
నేను వేసినవి ఆరున్నర అంగుళాలవి,
వేలకు వేలు,
సగానికి పైగా రాళ్లు కప్పి వదిలేసినవి.

వెలుతురుకి పట్టుకొని అలవాటుగా అడిగేసినాను,
"ఎంత లోతు?"

పకపకా నవ్వింది.
"లోతేంది నాన్నా, కాగితానికి!"

మిద్దె ఎక్కితే బక్కెట్టు ఇంకా వెచ్చగానే ఉండాది.
అరచేయి లుంగీకి తుడుచుకున్నాను.
వాసన పోలేదు.